చేతికందే ఎత్తు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీ ప్రహరీ దాటి ఎడమకు తిరిగితే మందుల వాసన పోయి వెల్డింగు వాసన మొదలవుతుంది. ఆ సందులోనే బాలరాజు షెడ్డు. దానికి బోర్డు లేదు, అవసరమూ పడలేదు. బిర్యానీ బండి కానీ, జ్యూసు బండి కానీ, ఏదో ఒక వాహనం వెనక తగిలించుకుని లాక్కుపోయే ట్రైలర్ ఏదైనా సరే, దాని మీద విప్పితే నీడనిచ్చి మూస్తే పెట్టెలా అయిపోయే కప్పు కావాలంటే ఉప్పల్ నుంచి బోడుప్పల్ దాకా ఎవరినడిగినా బాలరాజు పేరే చెబుతారు. అన్న రోజుకు బండి ఇచ్చే మనిషని కూడా చెబుతారు.

అలాంటివాడు ఒక ఇడ్లీ బండిని పట్టుకుని ఎండాకాలమంతా సాగదీశాడు. సందంతా వింతగా చూసింది. పక్క షెడ్డులో బండ్లకు రంగులు కొట్టే బిక్షపతికి మాత్రం వింతేమీ లేదు. అతనికి కారణం తెలుసు. తెలిసింది దాచుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ఉప్పల్‌కు మెట్రో వచ్చింది గాని నీ బండి వస్తలేదేందన్నా?" అనేవాడు వచ్చి. "ఆమె ఉన్నప్పుడు ఒక నట్టు బిగిస్తవు, ఆమె పోంగనె రెండు నట్లు ఇప్పుతవు. నాకు కండ్లు లేవనుకున్నవా?"

బాలరాజు వెల్డింగు అద్దం ముఖం మీదికి దించుకునేవాడు. ఆ వృత్తిలో ఉన్న గొప్ప సౌకర్యం అదే. ముఖం దాచుకోవాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బిక్షపతి చెప్పిన ఆమె పేరు రూతు.

ఇద్దరికీ పాతికేళ్లు కూడా నిండని రోజుల్లో బాలరాజు ఇదే నాచారంలో ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. జనగామ దిక్కు నుంచి ఇద్దరు చెల్లెళ్ల బాధ్యత మోసుకుంటూ వచ్చినవాడు. రూతు వాళ్లమ్మతో కలిసి ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ఇడ్లీలు అమ్మేది. నీడ కోసం వెదురు కర్రకు ఒక నల్ల గొడుగు కట్టేవాళ్లు. గాలి వస్తే గొడుగు తిరగబడేది, వాన వస్తే చట్నీలో నీళ్లు పడేవి. ఒకసారి పెద్ద వానలో, పొయ్యి పక్కన విడిచిన రూతు చెప్పుల్లో ఒకటి మోరీలో కొట్టుకుపోతే, బాలరాజు మోకాలి లోతు నీళ్లలో పరుగెత్తి పట్టుకొచ్చాడు. తడిసి ముద్దయి, చేతిలో ఆ చెప్పుతో నిలబడి అన్నాడు.

"నీకు నేనొక కప్పు జేసిస్త. గాలికి లేవది, వానకు కురవది."

"జెయ్యి మరి," అంది రూతు. చెప్పు తీసుకుని నవ్వింది.

బయట జరిగింది అంతే. మిగతాదంతా బాలరాజు తలలో జరిగింది. ముందు కప్పు చేయాలి. చేసి ఆమె పొయ్యి మీద నిలబెట్టాలి. అది నిలబడిన రోజున మనసులో మాట చెప్పాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు కదా పెద్దలు, మనవాడు ఆ వరుస కూడా తప్పకూడదనుకున్నాడు కాబోలు! షిఫ్టు అయ్యాక తుక్కు పైపులతో ఒక కప్పు కట్టాడు, అది ఒరిగింది. ఇంకోటి కట్టాడు, అది గాలికి లేచింది. కప్పు కుదిరేలోపల రూతుకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు హెన్రీ, బోడుప్పల్లో ఆటో నడిపేవాడు, మంచివాడే. పెళ్లి రోజు బాలరాజు చర్చి గేటు దాకా వెళ్లి, లోపలికి పోకుండా తిరిగి వచ్చాడు. తర్వాత చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. తన పెళ్లి మాట ఎవరెత్తినా "సూద్దాం తియ్" అంటూ యాభై ఏళ్ల దగ్గరికి వచ్చేశాడు. కొన్నేళ్ల కింద హెన్రీ జబ్బు చేసి పోయాడని విన్నప్పుడు కూడా పలకరించడానికి వెళ్లలేదు. ఏ ముఖంతో వెళ్లాలో తెలియలేదు.

ఈ ఏడు ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున ఆమే షెడ్డు ముందు నిలబడింది. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. నవ్వు మాత్రం ఏమీ మారలేదు.

"బండ్లకు కప్పులు జేసే బాలరాజంటె ఏ బాలరాజో అనుకున్న. నువ్వేనా!"

ఈ సందులో వాళ్లంతా అతన్ని అన్నా అంటారు. బండి చేయించుకునే ఆడవాళ్లు మరీ గట్టిగా అన్నా అంటారు. రూతు అనలేదు. పేరు పెట్టి పిలిచింది, పాతకాలంలో పిలిచినట్టే. ఆ ఒక్క 'అన్నా' లేకపోవడమే పట్టుకుని బాలరాజు ఆ రోజంతా ఒక్క అతుకూ సరిగ్గా వేయలేకపోయాడు.

ఆమె చెప్పిన సంగతి చిన్నది. ఇన్నేళ్లూ ఉప్పల్ చౌరస్తాలో ఫుట్‌పాత్ మీద టిఫిన్లు అమ్మింది. రోడ్డు పనుల్లో ఆ చోటు పోయింది. కూతురు మరియాకు భువనగిరిలో ఒక దవాఖానాలో నర్సు ఉద్యోగం దొరికింది. "నేను గూడ ఆడికే పోత. బండి ఒకటుంటె ఏ రోడ్డు పక్కనైన పెట్టుకుని బతుకుత. జర జల్ది జేసియ్యి," అంది.

జల్ది చేసిస్తే జల్ది వెళ్లిపోతుంది. బాలరాజుకు ఆ మాటలో వినబడింది ఇదొక్కటే.

"జల్ది అంటె ఎట్ల?" అన్నాడు. "ముందుగాల నీకు ఏ రకం కావాల్నో తెల్వాలె. తెల్వక చేయించుకుంటె రేపు తిప్పలు పడేది నువ్వే."

అలా పాఠాలు మొదలయ్యాయి. మొదటి రోజు చాక్‌పీసుతో షెడ్డు నేల మీద బండి బొమ్మ గీశాడు. "ఇది చాసీ. ఇంటికి పునాది లెక్క. కింద ఇవి కమాన్ పట్టీలు, గుంతల్ల పడ్డప్పుడు కుదుపు ఇవే మింగుతయి. ముందట ఇది కొక్కెం, లాగే బండికి తగిలించేది. నాలుగు మూలలకు నాలుగు కాళ్లు. బండి ఆపినంక ముందు కాళ్లు దించాలె, అటెన్క కప్పు లేపాలె. కాళ్లు దించకుండ కప్పు లేపితివా, గాలికి బండే ఒరుగుతది."

"మరి కప్పు సంగతి?"

"అది శాన ఉంటది. మళ్లొచ్చినప్పుడు జెప్త."

ఆమె మళ్లీ వచ్చింది. అప్పుడు కప్పుల్లో రకాలు చెప్పాడు. రెక్క కప్పు ఉంటుంది, బండి పక్క గోడ మొత్తం పై అంచు దగ్గర, తలుపుకు ఉండేలాంటి బందుల మీద తిరిగి పక్షి రెక్కలా పైకి లేస్తుంది. చుట్ట కప్పు ఉంటుంది, తాడిపత్రి గుడ్డ గొట్టానికి చుట్టి ఉంటే హ్యాండిల్ తిప్పి బయటికి లాగాలి, తేలికే గానీ వడగాలికి ఆగదు. పైకప్పు మొత్తం నాలుగు కడ్డీల మీద లేచేది ఇంకో రకం, లోపల నిలబడటానికి ఎత్తు వస్తుంది గానీ వాన జల్లు నాలుగు దిక్కులా కొడుతుంది. చివరగా రెండు పలకలది. పక్క గోడ నడుము ఎత్తున రెండు ముక్కలవుతుంది. పై ముక్క లేచి నీడవుతుంది, కింది ముక్క వాలి బల్లవుతుంది.

"గదే," అంది రూతు వెంటనే. "పైన నీడ, కింద ప్లేట్లు పెట్టుకునే బల్ల. గంత మంచిది ఉంటె ఆఖర్ల జెప్తవేంది?"

ఆఖర్లో ఎందుకు చెప్పాడో అతనికి తెలుసు. ముందే చెబితే పాఠం ఆ రోజుతో అయిపోయేది.

ఆ తర్వాత బందులకు ఒక రోజు, పలకను పైన నిలబెట్టే గ్యాస్ కడ్డీలకు ఒక రోజు, మూసినప్పుడు దుమ్ము లోపలికి పోకుండా అంచుకు వేసే రబ్బరు బీడింగుకు ఒక రోజు పట్టించాడు. నీళ్లు చట్నీలో కారకుండా ముందంచుకు వేసే చిన్న రేకు కాలువ గురించైతే రామాయణమంత చెప్పాడు. రూతు ఓపికగా వినేది. వచ్చేటప్పుడు డబ్బాలో ఇడ్లీలు, అల్లం చట్నీ తెచ్చేది. "ఇయాల ఏం పాఠం సారూ?" అని అడిగి, పాత టైరు మీద కూర్చునేది. అతను తింటూ చెప్పేవాడు. ఆ రోజులు ఎప్పటికీ అయిపోకూడదని బాలరాజు మనసారా కోరుకున్నాడు. పెదవుల దాకా వచ్చిన మాటను మాత్రం ఇడ్లీతో పాటు మింగేశాడు.

ఒక రోజు ఆమెను షెడ్డు మధ్య స్తంభం దగ్గర నిలబెట్టాడు. ఆ స్తంభం నిండా చాక్‌పీసు గీతలు, పక్కన మనుషుల పేర్లు ఉన్నాయి. ఇది బాలరాజు పద్ధతి. లేచిన పలకను మూయడానికి పట్టుకునే పిడి ఎంత ఎత్తులో ఉండాలో అతను టేపుతో కొలవడు. టేపు మనిషి పొడుగు చెబుతుంది గానీ చేయి సుఖంగా ఎక్కడిదాకా పోతుందో చెప్పదంటాడు. బండి ఎవరిదో వాళ్లే వచ్చి స్తంభం దగ్గర చేయి ఎత్తాలి.

"ఊకె ఎత్తు. సాగదియ్యకు. దండెం మీది బట్ట తీసినట్టు ఎత్తు."

రూతు చేయి ఎత్తింది. వేళ్ల చివర అతను గీత గీశాడు. చాక్‌పీసు ఆమె గోటికి తగిలింది.

పక్క షెడ్డు నుంచి బిక్షపతి ఇదంతా చూశాడు. ఆమె వెళ్లగానే వచ్చి కూర్చున్నాడు. "మనసుల మాట జెప్పనీకి గూడ డ్రాయింగు కావాల్నా అన్నా? అడిగెయ్యి. కాదంటె కాదంటది. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటె ఏం ఫాయిదా?"

"బండి కానియ్యి. కప్పు లేపిన దినం జెప్త."

"అబ్బో! మొదటిసారి గూడ గిదే లెక్క వేసినవ్ గద," అన్నాడు బిక్షపతి, తలకొట్టుకుని వెళ్లిపోయాడు.

ఎంత సాగదీసినా బండి బండే, ఒక రోజు పూర్తవక తప్పదు. బిక్షపతి ఆకుపచ్చ రంగు వేశాడు. తొలకరి పడ్డాక ఒక పొద్దున రూతు పొయ్యి, గిన్నెలు, సామానంతా ఆటోలో తెచ్చుకుంది. బండిని భువనగిరికి లాక్కుపోయే బొలెరో డ్రైవరు వస్తున్నానని ఫోన్ చేశాడు. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. బిక్షపతి ఊరుకోలేక చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరి దేవుళ్లకూ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

రూతు నాలుగు కాళ్లు దించింది. గడియ తీసి పలకను తోయగానే గ్యాస్ కడ్డీలు దాన్ని మెత్తగా పైకి లేపాయి. కింది పలక వాలి బల్ల అయ్యింది. గాలికి కదల్లేదు. పాతికేళ్ల కింద అన్న మాట ఆ రోజు నిలబడింది. చూస్తున్న బాలరాజుకు కళ్లు చెమర్చాయి.

పొయ్యి వెలిగించి పాలు పొంగిద్దామని ఆమె లోపలికి ఎక్కుతూ, వెనక మెట్టు దగ్గర చెప్పులు విడిచింది. పొంగించి, ఇక మూద్దామని పలక పిడి కోసం చేయి ఎత్తింది. అందలేదు. మునివేళ్ల మీద లేచింది. అయినా పిడి రెండు వేళ్ల ఎత్తులో ఉండిపోయింది.

బాలరాజు ఆమె వట్టి పాదాల వైపు చూశాడు. అతని షెడ్డులో చెప్పులు లేకుండా ఎవరూ అడుగు పెట్టరు, నేలంతా ఇనుప రజను. రూతు పొయ్యి దగ్గరికి చెప్పులతో ఎవరూ పోరు, వండేది నలుగురు తినే తిండి. స్తంభం దగ్గర ఆమె నిలబడింది మరియా కొనిచ్చిన మందపాటి చెప్పులతో. అతను వాటితో సహా గీత గీశాడు. గొడుగు రంగు గుర్తుంది, వాన గుర్తుంది, ఆమె అన్న ప్రతి మాటా గుర్తుంది. పొయ్యి దగ్గర ఆమె చెప్పులు విడుస్తుందన్న ఒక్క సంగతి మర్చిపోయాడు.

"నువ్వే మర్సిపోతె ఎట్ల బాలరాజు?" అంది రూతు నవ్వుతూ. "ఆ చెప్పు కోసం మోర్ల దుంకినోడివి."

అంటే ఆమెకూ గుర్తుంది!

పిడి కిందికి దించాలి, బండి ఇంకో వారం ఇక్కడే ఉండాలి అని అబద్ధం చెప్పవచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ పని విషయంలో అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. ఒక నైలాన్ పట్టీ ముక్క కోసి, తనూ చెప్పులు విడిచి లోపలికెక్కి, పిడికి వేలాడదీసి ముడి వేశాడు. రూతు పట్టీ పట్టుకుని లాగింది. పలక బుద్ధిగా కిందికి వచ్చింది. మళ్లీ లేపింది.

"ఆ ఏడు గూడ కప్పు జేసిస్తనన్నవు," అంది ఆమె, పట్టీ వదలకుండా.

"జేసిన. శానసార్లు జేసిన. గాలికి ఆగకపొయ్యేది. మంచిగైనంక తెచ్చి..."

"తెచ్చి?"

అతను పట్టీ ముడిని మళ్లీ బిగించాడు.

"క్రిస్మస్ దాంక సూసిన," అంది రూతు. గొంతు తగ్గింది. "హెన్రీ వాళ్లు అడుగుతున్నరని అమ్మ అంటె, జర ఆగుమన్న. నేను కప్పు కోసం ఎదురుసూసిననుకున్నవా?"

సందు మొదట్లో బొలెరో హారన్ మోగింది. చెప్పాల్సింది అప్పుడే. పదాలు వరుసగా గొంతులో నిలబడ్డాయి. బాలరాజు నోరు తెరిచాడు.

"కాళ్లు దించినంకనే కప్పు లేపాలె. మర్సిపోకు," అన్నాడు.

పక్కన బిక్షపతి నుదురు బాదుకున్నాడు. రూతు పట్టీ వదిలింది.

"మర్సిపోను," అంది. "ఐతారం చర్చికి పోత, ఆ ఒక్క దినం బంద్. మిగిలిన దినాలు పొద్దుగాల్నుంచి తెర్సే ఉంటది."

కొక్కెం తగిలించారు. ఆకుపచ్చ బండి సందు మలుపు తిరిగి పోయింది.

తర్వాత షెడ్డులో పని తక్కువేమీ కాలేదు. ఏఎస్ రావు నగర్ నుంచి ఒక చాట్ బండి వచ్చింది, ఇంకెవరిదో బట్టల బండి వచ్చింది. బాలరాజు అన్నీ అన్న రోజుకే ఇచ్చాడు. ఎవరికీ పాఠాలు చెప్పలేదు. రకం చెప్పండి, చేస్తాను అన్నాడు, అంతే. పాత టైరు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. స్తంభం మీద ఆమె గీత దాటి వెళ్లేటప్పుడల్లా చేయి దానంతట అదే లేచి ఆ ఎత్తు తాకేది. కావలసిన మనిషి నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే నాలుగు వందలైనట్టు ఎందుకుంటుందో అతనికి అర్థం కాలేదు.

షెడ్డుకు సెలవు ఆదివారమే. ఒక ఆదివారం ఉప్పల్ రింగు రోడ్డులో వరంగల్ బస్సెక్కి భువనగిరిలో దిగాడు. బైపాస్ పక్కన వేపచెట్టు కింద బండి మూసి ఉంది. కాళ్లు దించి ఉన్నాయి. బందులు చూశాడు, రబ్బరు చూశాడు, రేకు కాలువ వేలితో తడిమాడు. పక్కన చాయ్ అమ్మే మనిషి, "రూతమ్మ ఇయాల రాదే," అన్నాడు. రాదని బాలరాజుకు తెలుసు. తెలిసే ఆ రోజున వచ్చాడు. ఆమె లేని చోటికి వస్తే ఏమీ చెప్పనక్కర్లేదు కదా. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనను తాను నోరారా తిట్టుకున్నాడు.

మర్నాడు సోమవారం పొద్దున్నే షెడ్డుకు తాళం వేశాడు. సోమవారం ఆ షెడ్డు మూసి ఉండటం సందు ఎన్నడూ చూడలేదు. బిక్షపతి చేతిలో రంగు డబ్బాతోనే పరుగెత్తి వచ్చాడు.

"ఏమైందన్నా? చెల్లెలికి గిట్ల బాగలేదా?"

"అందరు మంచిగనె ఉన్నరు. ఇడ్లీ తిననీకి పోతున్న."

"ఇడ్లీకి షెడ్డు బంద్ జేస్తవా? సందు మొదట్ల దొరకదా?"

"భువనగిరిల తింట."

బిక్షపతి రంగు డబ్బా కింద పెట్టేశాడు. తాళం సరిగ్గా పడిందో లేదో తనే లాగి చూసి, "పో అన్నా, జల్ది పో," అన్నాడు.

బాలరాజు చేరేసరికి బండి చుట్టూ మనుషులు. ఆకుపచ్చ కప్పు కింద ఆవిరి లేస్తోంది. పిడికి కట్టిన నైలాన్ పట్టీ పిండి చేతులతో లాగి లాగి తెల్లబడింది. అతను దూరంగా నిలబడ్డాడు. తినేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక రూతు తలెత్తి చూసింది.

"ఏంది, గిట్లొచ్చినవ్? కప్పు ఎట్లుందో సూడనీకా?"

అవును అంటే సరిపోయేది. ఎంత తేలికైన మాట! ఇడ్లీ తిని, బందులకు నూనె వేసి, బస్సెక్కి వెళ్లిపోవచ్చు.

"కప్పు నిన్ననే సూసిపోయిన," అన్నాడు బాలరాజు.

"ఐతారమా? బంద్ అని చెప్పిన గద!"

"చెప్పినవ్. అందుకే వచ్చిన. భయపడి." అతను బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇయాల నిన్ను సూడనీకొచ్చిన రూతు. ఆ ఏడే జెప్పాలె. కప్పు అయినంక జెప్దామని ఆగిన. మొన్న అయినంక గూడ జెప్పలే. నాకు నీతోని ఉండాలనుంది. అప్పుడు గూడ గంతే, ఇప్పుడు గూడ గంతే."

రూతు ఇడ్లీ గిన్నె మూత తీసింది, మళ్లీ పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆవిరే అనుకోవాలి. బల్ల మీద ప్లేటు పెడుతుందని, డబ్బులిచ్చి తినే అందరిలాగే తననూ బయటే నిలబెడుతుందని బాలరాజు అనుకున్నాడు. ఆమె ప్లేటు తీయలేదు. బండి వెనక, లోపలికి ఎక్కే మెట్టు వైపు చూపించింది. అక్కడ ఆమె మందపాటి చెప్పులు ఉన్నాయి.

"నీ చెప్పులు గూడ ఆడనే ఇడువు," అంది. "ఇడ్సి లోపటికి రా."